కొర్కొవాడో అడవికి వెళ్లే ముందు స్టాంపు చూసుకోండి

పోయిన ఎపిసోడ్ విన్నాక రెడ్‌మండ్ వాళ్లు చాలామంది ఒకటే అడిగారు: కోస్టారికాలో ఆ కొర్కొవాడో అడవికి ఎలా వెళ్లాలి? చెప్తాం. ముందు, మీరు హెచ్-1బి మీద ఉంటే పాస్‌పోర్టులో వీసా తేదీ చూడండి.

స్టాంపు అయిపోయినా ఐ-94 ఉంటే వాంకూవర్ వెళ్లి, అక్కడ కొత్త వీసాకి అప్లై చేయకుండా 30 రోజుల్లోపు తిరిగి రావచ్చు కదా. మనవాళ్లకి అది అలవాటే. కానీ ఆ వెసులుబాటు కెనడా, మెక్సికోలకే. కోస్టారికా వెళ్తే తిరిగి రావడానికి కొత్త స్టాంపు కావాలి. అసలు ఇండియన్ పాస్‌పోర్టుని కోస్టారికా విడిగా వీసా అడక్కుండా రానిచ్చేదే, చెల్లుబాటయ్యే అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసానో గ్రీన్‌కార్డో చూసి.

ఇక దారి. శాన్ హొసేలో విమానం దిగి, కారులో దాదాపు ఐదు గంటలు పోతే సియెర్పె అనే చిన్న ఊరు. అక్కణ్ణుంచి డ్రేక్ బేకి గంట పడవ ప్రయాణం. మొదట మడ అడవుల మధ్య ప్రశాంతంగా ఉంటుంది, కోరింగ చూసినవాళ్లకి కాకినాడ గుర్తొస్తుంది. నది సముద్రంలో కలిసే చోట మాత్రం పడవని అలలు ఎత్తి కుదేస్తాయి. ఒడ్డుకి చేరాక తరచూ మోకాలిలోతు నీళ్లలోకే దిగాలి, అందుకని చెప్పులు చేతిలో, లాప్‌టాప్ ఇంట్లో!

మర్నాడు పొద్దున్నే ఇంకో పడవలో పార్కు లోపలి సిరీనా స్టేషన్‌కి. ఫోన్ చూసుకుంటూ మౌంట్ సై ఎక్కినట్టు ఇక్కడ కుదరదు: 2014 నుంచి గైడ్ తప్పనిసరి. పర్మిట్ కూడా ముందే తీసుకోవాలి. సెప్టెంబరు, అక్టోబరు వద్దు, వానలు విపరీతం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, క్రిస్మస్ సెలవులకి సరిగ్గా సరిపోతుంది.