ఆగమంటే ఆగుతుందా?

పిల్లలూ, ఒక చిన్న ఆట ఆడదాం. 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకుని, పై కొన పట్టుకుని నిలువుగా వేలాడదియ్యమని మీ స్నేహితుడికి ఇవ్వండి. సున్న అంకె కిందికి ఉండాలి. మీరు బొటనవేలూ చూపుడువేలూ కొంచెం ఎడంగా పెట్టి, స్కేలు కింది కొన వాటి మధ్య ఉండేటట్టు చూసుకోండి. అతడు చెప్పకుండా స్కేలు వదిలెయ్యాలి. మీరు చటుక్కున పట్టుకోవాలి.

ఎక్కడ పట్టుకున్నారు? ఇంచుమించు 20 అంకె దగ్గర, అవునా? స్కేలు అంత దూరం పడటానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. కన్ను చూసిన కబురు మెదడుకు చేరి, మెదడు "పట్టు" అని వేళ్ళకు ఆజ్ఞ ఇచ్చేసరికి అంత ఆలస్యమయిందన్న మాట. ఎంత చురుకైనవాడికైనా ఇది తప్పదు.

ఇక రోడ్డు మీదికి వద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు సుమారు 17 మీటర్లు పరుగెడుతుంది. దాన్ని నడిపేవాడు మీలాగా వేళ్ళు చాచుకుని సిద్ధంగా ఉండడు గదా! ఎవరైనా అడ్డం వస్తే, చూసి, గ్రహించి, కాలు తీసి బ్రేకు మీద వేసేసరికి ఒక సెకనైనా గడుస్తుంది. అంటే, బ్రేకు పడకముందే కారు 17 మీటర్లు వచ్చేసింది. బ్రేకు పడ్డాక కూడా ఉన్నచోట నిలిచిపోదు. పొడి రోడ్డు మీద, మంచి టైర్లున్న కారయినా ఇంకో 20 మీటర్లు సాగుతుంది. మొత్తం 37 మీటర్లు! రోడ్డు తడిసి ఉంటే ఇంకా ఎక్కువ. బరువెక్కిన లారీ సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. వేగం సగానికి తగ్గితే, బ్రేకు పడ్డాక సాగే దూరం నాలుగో వంతుకు తగ్గుతుంది. 30 కిలోమీటర్ల వేగంలో ఆ 20 మీటర్లు కాస్తా 5 మీటర్లే! బడుల దగ్గర నెమ్మదిగా వెళ్ళమని బోర్డులు పెట్టేది అందుకే. (వాటిని చదివేవాళ్ళు ఎందరో నేను చెప్పను.)

ఈ లెక్కలన్నీ నాకు ముందునుంచీ తెలిసినవే. అయినా చాలా ఏళ్ళు పిల్లలకు తప్పు చెప్పాను. మా బడి పెద్దరోడ్డు పక్కనే ఉండేది. "రోడ్డు మీద నాన్చకండి, ఒక్క పరుగున దాటండి" అనేవాణ్ణి. ఒకనాటి ఉదయం ఆరో తరగతి కుర్రవాడొకడు బస్సు దిగి, దాని ముందునుంచి అవతలికి పరుగెత్తాడు. ఆగిన బస్సును దాటుకుంటూ కుడివైపునుంచి జీపు వచ్చింది. బస్సు చాటున జీపు కుర్రవాడికి కనబడలేదు, కుర్రవాడు జీపు నడిపేవాడికి కనబడలేదు. తొడ ఎముక విరిగింది. చూడబోయిన నాతో, "మీరు చెప్పినట్టే పరుగెత్తాను, మాస్టారూ" అన్నాడు. వాడి మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు మరీ బాధ కలిగింది.

నడిచేవాడు మధ్యలో ఆగగలడు. పరుగెత్తేవాడు కూడా కారులాగే, ఆగమన్నచోట ఆగలేడు. నాకు అప్పుడు తట్టింది ఇది. బస్సు దిగితే, అది కదిలి వెళ్ళి రోడ్డు రెండు పక్కలా దూరందాకా కనబడేవరకూ ఆగాలి. మన దేశంలో వాహనాలు ఎడమపక్కన నడుస్తాయి కనక, మనకు దగ్గరగా వచ్చేవి కుడివైపునుంచే వస్తాయి. అందుచేత ముందు కుడికి, తరవాత ఎడమకు, మళ్ళీ కుడికి చూడాలి. కాలిబాట లేనిచోట రోడ్డు కుడి అంచున నడిస్తే, ఎదురుగా వచ్చేవి కంటబడతాయి.

పట్నాల్లో జీబ్రా చారలు చూసే ఉంటారు. వీటిని 1951లో బ్రిటనులో అమలులోకి తెచ్చారు. ఆ నలుపు తెలుపు పట్టీలు దూరంనుంచే కనబడతాయి. అక్కడ దాటేవాళ్ళకు దారి ఇవ్వాలని మన నిబంధనలూ చెబుతున్నాయి. కాని రంగు చార కారును ఆపలేదు. ఆపవలసింది దాన్ని నడిపేవాడు. అతడు ఆగాడని చూసుకున్నాకనే అడుగు వెయ్యండి.

మూడు నెలలకు ఆ కుర్రవాడు కర్రల సాయంతో బడికి వచ్చాడు. ఆ రోజున పిల్లలందరినీ ఆవరణలో నిలబెట్టి, టేపుతో 37 మీటర్లు కొలిపించాను. వాడు బెంచీ మీద కూచుని అంకెలు రాశాడు. ముప్ఫై అనేసరికి టేపు ప్రహరీగోడకు తగిలింది.

"ఇంకా ఏడు మీటర్లుంది, మాస్టారూ!" అన్నాడు వాడు.