ట్రాక్టరు ట్రాలీతో కొండ దిగేటప్పుడు

పెళ్ళికయినా, సభలకయినా, కూలి పనికయినా మన పల్లెల్లో ఇంటిల్లిపాదీ ఎక్కేది ట్రాక్టరు ట్రాలీయే. మైదానంలో ఏళ్ళ తరబడి నడిపిన డ్రైవరు కూడా అరకు, పాడేరు, మారేడుమిల్లి వంటి ఘాట్ రోడ్లలో పొరపాటు చేయవచ్చు. ఎందుకంటే ఎక్కేటప్పుడు ట్రాక్టరు ట్రాలీని లాగుతుంది, దిగేటప్పుడు ట్రాలీయే ట్రాక్టరును నెడుతుంది.

ఎంత బలంగా నెడుతుందో చూడండి. ట్రాలీ, సరుకు కలిపి 5 టన్నులు అనుకుందాం. 10 అడుగులు ముందుకు వెళితే 1 అడుగు కిందికి దిగే వాలులో సుమారు 500 కిలోల బరువు వెనుక నుంచి తోస్తూనే ఉంటుంది. మన ఊళ్ళలో చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. ఆ తోపునంతా ట్రాక్టరే ఆపుకోవాలి.

డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగేవారున్నారు. ఇంతకంటే ప్రమాదకరమైన పొదుపు మరొకటి లేదు. గేరులో ఉన్నంతసేపు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేసినా, క్లచ్ తొక్కిపట్టినా ఆ పట్టు పోతుంది. ఇక మిగిలింది బ్రేకులే. అదే పనిగా తొక్కితే అవీ వేడెక్కి పట్టు తగ్గుతాయి. వేగం పెరిగాక చిన్న గేరు వేద్దామన్నా పడదు. కాబట్టి ఆ కొండను ఏ గేరులో ఎక్కగలరో అదే గేరును వాలు మొదలు కాకముందే, పైనే వేసుకోండి. మధ్యలో మార్చవద్దు.

పొలంలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేకు పెడళ్ళను రోడ్డెక్కే ముందు తప్పక కలిపి కొక్కెం వేయాలి. ఒక్కటే పడితే ట్రాక్టరు ఒక పక్కకు తిరిగిపోతుంది. ట్రాలీ పిన్నుకు సరైన క్లిప్పు ఉండాలి, మేకు ముక్క చాలదు. పిన్ను ఊడినా పట్టి ఉంచేలా ఒక గొలుసు కూడా వేయండి. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తుంటే సరుకు తగ్గించండి. దారిలో ఆగితే చక్రాల కింద రాళ్ళు పెట్టండి, వెళ్ళేటప్పుడు తీసేయండి. వెనుక వచ్చే మోటారు సైకిలు వారికి అవే ఆపదవుతాయి.

సరుకు ట్రాలీలో మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. కట్టిన బస్తాలు కదలవు గాని, మనుషులు మలుపులో అందరూ ఒకే పక్కకు ఒరుగుతారు. బోల్తాపడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పదిమంది కలిసి ఒక వ్యాను మాట్లాడుకుంటే మనిషికి పడే ఖర్చు అంత ఎక్కువేమీ కాదు.

ప్రమాదం జరిగితే ముందు ఇంజను ఆపి, 108కి ఫోను చేయండి. మంటల భయం లేకపోతే దెబ్బతిన్నవారిని చేతులు, కాళ్ళు పట్టి లాగవద్దు, మెడ కదపవద్దు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. నీళ్ళు తాగించవద్దు, ఆపరేషను అవసరం కావచ్చు. లేచి నిలబడి "నాకేం కాలేదు" అన్న మనిషిని కూడా గమనిస్తూ ఉండండి. కడుపునొప్పి, చల్లని చెమటలు, కళ్ళు తిరగడం కనిపిస్తే లోపల రక్తం పోతూ ఉండవచ్చు. అటువంటి వారిని ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.