పైసా ఖర్చు లేని పట్నం!

నెలాఖరు. జేబులో ఒకే ఒక్క వంద నోటు. ఎదురుగా ఆదివారం! మహానగరంలో ఆ వందతో ఏమొస్తుంది? మల్టీప్లెక్సులో పాప్‌కార్న్ కూడా రాకపోవచ్చు. అదే వంద జేబులో పెట్టుకుని హైదరాబాద్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా తిరగొచ్చు. తోట, పుస్తకం, చరిత్ర, సంగీతం... అన్నీ చూసి ఇంటికెళ్లేసరికి అందులో కొంత మిగలొచ్చు కూడా!

‘పట్నంలో గాలి పీల్చినా డబ్బే’... హైదరాబాద్‌కు కొత్తగా వచ్చినవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది. వాళ్ల లెక్కా తప్పు కాదు. హాస్టల్ అద్దె, కోచింగ్ ఫీజు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపాల్సిన మొత్తం... అన్నీ పోగా చేతిలో మిగిలేది చిల్లరే. ఆదివారం వచ్చిందంటే ఇరుకు గదిలో ఫ్యాను కింద పడుకుని సెల్‌ఫోన్ చూడటమే వినోదం. పెళ్లాంపిల్లలున్న చిరుద్యోగికైతే అదీ కుదరదు. ‘ఎక్కడికైనా తీసుకెళ్లు నాన్నా’ అని పిల్లలు అడిగితే సమాధానం వెతుక్కోవాలి. అలా ఏళ్లకేళ్లు ఇక్కడే ఉండి కూడా హైదరాబాద్‌ను చూడనివాళ్లు ఎందరో.

నిజానికి ఈ నగరంలో చూడదగ్గ చోట్లలో చాలావాటికి టికెట్టు కౌంటరే లేదు. నాంపల్లిలో బయల్దేరి చార్మినార్ దాకా నడిచి, సాయంత్రానికి ట్యాంక్‌బండ్ చేరితే చాలు... ఆ విషయం తెలిసిపోతుంది. కావాల్సిందల్లా అరగని చెప్పులూ, ఓ మంచినీళ్ల సీసా.

సామాన్యుడి తోట

ఆదివారాన్ని మొదలుపెట్టడానికి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ని మించిన చోటు లేదు. దీని పాత పేరు బాగేఆమ్. ‘బాగ్’ అంటే తోట, ‘ఆమ్’ అంటే సామాన్యులు. పేరులోనే ఉంది, ఇది ఎవరిదో! ఒకపక్క అసెంబ్లీ, లోపల జూబ్లీహాలు. తెల్లవారేసరికి చెట్ల కింద నడిచేవాళ్లు నడుస్తుంటే, యోగా చేసేవాళ్లు యోగా చేస్తుంటారు. రిటైరైన పెద్దలు బెంచీల మీద చేరి రాజకీయాలు తేల్చేస్తుంటారు. ఏ బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నా ‘ఏం కావాలి సార్’ అని అడిగేవాడుండడు. నగరంలో ఏమీ కొనకుండా కూర్చోనిచ్చే చోటు దొరకడమే గొప్ప.

తోటలోనే పురావస్తు ప్రదర్శనశాల ఉంది. దానికి మాత్రం టికెట్టు కొనాలి. అయితేనేం, అందులో ఈజిప్టు మమ్మీ ఉందంటే పిల్లలు ఊరుకుంటారా! జేబులోని వందలో కొంత పెట్టదలుచుకుంటే ఇక్కడ పెట్టొచ్చు.

ఫుట్‌పాత్ మీద సరస్వతి

పొద్దెక్కాక అక్కణ్నుంచి నడుచుకుంటూ అబిడ్స్ వెళ్లాలి. వారమంతా కిటకిటలాడే దుకాణాలు ఆదివారం షట్టర్లు దించేస్తాయి. ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల గుట్టలు వెలుస్తాయి. ఇంజినీరింగు పాఠ్యపుస్తకాలు, ఇంగ్లిషు నవలలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, ఎవరి ఇంటి అల్మరాలోంచో వచ్చిన తెలుగు కథల సంపుటాలు... తిరగేయడానికి డబ్బులేం అక్కర్లేదు. కొనాలనిపిస్తే బేరమాడొచ్చు. అట్ట తెరిస్తే మొదటి పేజీలో ఎప్పుడో ఎవరో ఎవరికో ప్రేమగా రాసిచ్చిన మాటలు కనిపిస్తాయి. అవి చదవడం అదో సరదా!

అక్కణ్నుంచి కాస్త ముందుకెళ్తే మొజంజాహీ మార్కెట్. ఏడో నిజాం రెండో కుమారుడి పేరిట 1935లో రాతితో కట్టిన ఈ మార్కెట్ చాలాకాలం మసిబారి, బీటలువారి ఉండేది. మరమ్మతులు చేసి 2020లో మళ్లీ ముస్తాబు చేశారు. గడియారం ఉన్న గోపురం, కమాన్లు, అత్తరు కొట్ల గుబాళింపు... ఇవన్నీ ఉచితం. ఐస్‌క్రీమ్ మాత్రం కొనుక్కోవాలి!

ప్రాణాలు నిలిపిన చింత

మొజంజాహీ నుంచి మూసీ వైపు నడిస్తే అఫ్జల్‌గంజ్‌లో తెల్లటి రాజభవనంలాంటి కట్టడం కనిపిస్తుంది. తెలియనివాళ్లు అదేదో ప్యాలెస్ అనుకుంటారు. అది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం! 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో ఈ భవనంలోకి మారింది. ఎత్తయిన పైకప్పు కింద, పెద్ద బల్లల ముందు ఎవరైనా కూర్చుని చదువుకోవచ్చు. పక్కనే కూర్చున్న కుర్రాడు ఉద్యోగ పరీక్షకు చదువుతున్నాడో, ఆయనెవరో పాత ఉర్దూ పుస్తకం వెతుకుతున్నాడో... ఎవరి లోకం వాళ్లది.

గ్రంథాలయానికి పక్కనే ఉస్మానియా ఆసుపత్రి. ఆ ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు దాని కొమ్మల మీదికెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. వేల మందిని పొట్టనబెట్టుకున్న ఆ వరద తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. గైడ్లు ఉండరు, టికెట్టూ ఉండదు. అయితే చుట్టూ ఉన్నది ఆసుపత్రి, రోగులు, వాళ్ల బంధువులు. గోల చేయకుండా చెట్టు కింద రెండు నిమిషాలు నిలబడి వస్తే చాలు. ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంత బాగా ఆ చెట్టు చెబుతుంది చరిత్ర.

నాలుగు గడియారాల కింద

నయాపూల్ దాటి మదీనా, పత్తర్‌గట్టి మీదుగా నడిస్తే చార్మినార్. 1591 నాటి కట్టడం. పైకెక్కడానికి టికెట్టుంది. కింద నిలబడి తలెత్తి చూడటానికి లేదు. నాలుగు వైపులా కనిపించే గడియారాలు మాత్రం కట్టడంతోపాటు వచ్చినవి కావు, 1889లో అమర్చినవి. ఈ చిన్న సంగతి పిల్లల్ని అడిగి చూడండి, తల పైకెత్తి నాలుగు దిక్కులూ తిరుగుతారు.

పక్కనే మక్కా మసీదు. కుతుబ్‌షాహీల కాలంలో మొదలైన నిర్మాణం ఔరంగజేబు కాలంలో, 1694లో పూర్తయింది. అంటే వంశాలు మారినా పని ఆగలేదన్నమాట. విశాలమైన ఆవరణ నిండా పావురాలు. ఒక్కసారిగా గుంపుగా లేచినప్పుడు చూడాలి... నమాజు వేళలు తప్పించి, ఒంటినిండా బట్టలతో వెళ్తే ఎవరూ కాదనరు.

ఇక లాడ్‌బజార్! గాజులు కొనకపోయినా సరే, తయారయ్యే చోటు ఒక్కసారి చూడాలి. వేడికి మెత్తబడిన లక్కను సాగదీసి, గుండ్రంగా తిప్పి, తళుకు రాళ్లను ఒక్కొక్కటే అద్దుతుంటారు. కళ్లు చెదిరే ఆ పనితనానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నడిచీ నడిచీ కాళ్లు పీకితే ఇరానీ హోటల్‌ ఉండనే ఉంది. ఇద్దరుంటే ఒక చాయ్ చెప్పి ‘వన్ బై టూ’ అంటే చాలు. ఎవరూ చిన్నచూపు చూడరు. ఈ ఊళ్లో అది మర్యాదే!

గంటలు మోగని గుడి

ఎండ చల్లబడ్డాక బస్సెక్కి అసెంబ్లీ దగ్గర దిగితే నౌబత్‌పహాడ్ మీద బిర్లామందిర్. 1976లో ప్రారంభమైన ఈ పాలరాతి గుడికి ఓ ప్రత్యేకత ఉంది. గుళ్లో గంటలుండవు. ధ్యానానికి భంగం కలగకూడదని అలా కట్టారు. సెల్‌ఫోన్లనూ కెమెరాలనూ లోపలికి అనుమతించరు. ఒకందుకు అదీ మంచిదే. పైనుంచి హుస్సేన్‌సాగర్‌ను, దీపాలు వెలుగుతున్న జంటనగరాలను ఫొటో తీయకుండా కళ్లతో చూస్తారు!

కొండ దిగి ట్యాంక్‌బండ్ చేరితే చల్లగాలి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562లో తవ్వించిన చెరువిది. నడుమ ఏకశిలా బుద్ధుడు. ఆయన అక్కడికి చేరడం అంత తేలిగ్గా జరగలేదు. 1990 మార్చిలో తీసుకెళ్తుండగా పంటు ఒరిగి విగ్రహం నీళ్లలో మునిగిపోయింది. మనుషుల ప్రాణాలూ పోయాయి. రెండున్నరేళ్లకు పైగా చెరువు అడుగునే ఉన్న బుద్ధుణ్ని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. దగ్గరికి వెళ్లాలంటే పడవ టికెట్టు కొనాలి. గట్టు మీద కూర్చుని చూస్తే ఆ ఖర్చూ లేదు.

గట్టు పొడవునా విగ్రహాలు. 1986లో పెట్టిన ఈ వరసలో వేమన, మొల్ల, అన్నమయ్య, క్షేత్రయ్య, గురజాడ, శ్రీశ్రీ, మఖ్దూం... అందరూ ఉన్నారు. 2011 ఆందోళనలో కొన్ని దెబ్బతింటే తర్వాత మళ్లీ నిలబెట్టారు. పిల్లల చేయి పట్టుకుని ఒక్కో విగ్రహం దగ్గరా ఆగి ఒక్కో కథ చెప్పుకుంటూ వెళ్తే... అదే ఓ తెలుగు క్లాసు!

ముందు వరసలో మీరే

రాత్రి ఇంటికెళ్లేలోపు మరో ముచ్చట మిగిలే ఉంది. టాగోర్ శతజయంతి సందర్భంగా 1961లో ప్రారంభమైన రవీంద్రభారతిలో నాటకమో, కూచిపూడో, సంగీత కచేరీయో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. చాలావాటికి ప్రవేశం ఉచితం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ సంగతి చెప్పక్కర్లేదు. సాయంత్రమైతే చాలు, పాటో హరికథో వినిపిస్తుంది. మధ్యలో సన్మానాలూ, శాలువాలూ, పొడవాటి ప్రసంగాలూ కాస్త ఓర్చుకోవాలంతే! ఖాళీ కుర్చీలుంటే ముందు వరసలో కూర్చున్నా కాదనేవారుండరు. బంజారాహిల్స్‌లో 2010లో తెరిచిన లామకాన్‌లోనూ అంతే. కవితాగోష్ఠులు, చర్చలు, డాక్యుమెంటరీలు... ఉచితంగానో కొద్దిపాటి టికెట్టుతోనో చూడొచ్చు.

పండగలకైతే ఊరే వేదిక. ఆషాఢంలో గోల్కొండలో మొదలై సికింద్రాబాద్, లాల్‌దర్వాజాలకు సాగే బోనాలు, వినాయక నిమజ్జనం, బతుకమ్మ, దీపావళి తర్వాత అలంకరించిన దున్నపోతులతో సాగే సదర్, రంజాన్ నెలలో తెల్లవార్లూ వెలిగే పాతబస్తీ... వీటిలో దేనికీ టికెట్టు లేదు.

ఊరికే రాలేదు

ఉచితం అంటే విలువ లేనిదని కాదు. వాటి వెనక ఎవరో ఒకరి కష్టం ఉంది. సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్నే తీసుకోండి. నిజాం పాలనలో తెలుగుకు ఆదరణ కరవైన రోజుల్లో, 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా వంటివారు పూనుకుని స్థాపించారు. తెలుగువాడు తన భాషలో నాలుగు ముక్కలు చదువుకోవడానికి ఓ చోటుండాలన్నదే వాళ్ల ఆరాటం. నూటపాతికేళ్ల తర్వాత చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. టిఫిన్ బాక్సు తెచ్చుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా పుస్తకం వదలని నిరుద్యోగులు వందల్లో కనిపిస్తారు. గదిలో వెలుతురు లేనివాడికి, కోచింగుకు డబ్బుల్లేని అమ్మాయికి ఆ కుర్చీ కాలక్షేపం కాదు, బతుకు మీద ఆశ.

బస్సూ అంతే. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక, చార్జీలకు వెనకాడి ఇల్లు కదలని ఆడవాళ్లకు దారి తెరుచుకుంది. కానీ బస్సు దిగాక? కూర్చోవడానికి నీడ, వెళ్లడానికి శుభ్రమైన మరుగుదొడ్డి, చీకటిపడితే వీధిదీపం... ఇవి లేకపోతే ఎన్ని తోటలున్నా మగవాళ్లకే. పేరున్న పార్కులు కొన్నింటికి ఇప్పటికే టికెట్టుంది. పదో ఇరవయ్యో కదా అనిపిస్తుంది. నలుగురున్న కుటుంబానికి, రానూపోనూ చార్జీలు కూడా కలుపుకొంటే ఆ పదే ప్రయాణాన్ని ఆపేస్తుంది.

జనం రాని గ్రంథాలయం మూతపడినా, ఎవరూ నడవని ఫుట్‌పాత్ మాయమైనా అడిగేవాళ్లుండరు. నలుగురూ వచ్చే చోటిని కదపాలంటే ఎవరైనా ఆలోచిస్తారు. అందుకే ఈ ఆదివారం బాగేఆమ్‌లో ఒక బెంచీ మీద కాసేపు కూర్చుని రండి. ఆ పేరులోని ‘ఆమ్’ మనమే!

వంద నోటు దాటకుండా...

* తెలంగాణవాసులైన మహిళలు గుర్తింపు కార్డు వెంట ఉంచుకుంటే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ‘జీరో టికెట్’పై తిరగొచ్చు. మగవాళ్లకు ఎంఎంటీఎస్ రైలు చవక.

* మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం ఉంది. 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైన ఈ కేంద్రాలకు 2025లో ఇందిరా క్యాంటీన్లని పేరు మార్చారు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి పెడతారు. తొందరగా వెళ్లడం మేలు.

* చార్మినార్, గోల్కొండ పైకెక్కాలనుకుంటే 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచ వారసత్వ దినమైన ఏప్రిల్ 18న పెద్దలనూ ఉచితంగా అనుమతించారు. ఆ తేదీ దగ్గరపడినప్పుడు పేపరు చూడండి.

* గ్రంథాలయాల సెలవులు, ఆడిటోరియంలలో ఆనాటి కార్యక్రమాలు ముందే కనుక్కోండి. పేపర్లో ‘నగరంలో నేడు’ శీర్షిక ఇందుకే!

* ఇంట్లోంచి పులిహోర, నీళ్లు తెచ్చుకుంటే సగం ఖర్చు తగ్గినట్టే. తిన్నాక ఆకులూ కాగితాలూ చెత్తబుట్టలో వేయడం మాత్రం మరవొద్దు.