పోలీసు గొంతు, పాటగాని గొంతు: ర్యాప్‌లో కవినిబద్ధవక్త

చర్మపు రంగును బట్టి మనిషిని నేరస్థుడిగా అనుమానించి ఆపడం, సోదా చేయడం అమెరికాలో ‘రేసియల్ ప్రొఫైలింగ్’ అన్న పేరుతో చర్చకు వచ్చింది. 1970లలో న్యూయార్క్ నల్లజాతి పేదవాడల్లో రూపుదిద్దుకున్న ర్యాప్ ఈ అనుభవానికి ఇచ్చిన ప్రతిస్పందనను చాలామంది కేవలం ఆగ్రహంగా చూశారు. 1988లో ఎన్.డబ్ల్యు.ఎ. బృందం పోలీసులపై పాడిన పాటకు అభ్యంతరం తెలుపుతూ మరుసటి ఏడాది ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు రికార్డు సంస్థకు లేఖ రాశారు. ఆ పాట న్యాయస్థాన విచారణ రూపంలో సాగే నాటకమన్న సంగతి వివాదంలో మరుగునపడింది. ర్యాప్ బలం కోపంలో కన్నా ఈ నాటకీయతలోనే ఎక్కువగా ఉంది.

జే-జీ 2003లో వెలువరించిన ‘నైంటీనైన్ ప్రాబ్లమ్స్’ రెండవ చరణం ఇందుకు నిదర్శనం. కథాకాలం 1994. పోలీసు కారు ఆపి, ఎందుకు ఆపానో తెలుసా అని అడుగుతాడు. యువకుణ్ని, నల్లవాణ్ని కనుకనేనా అన్న ధోరణిలో డ్రైవరు బదులిస్తాడు. అధికారి చెప్పే కారణం వేరు: వేగపరిమితిని ఒక్క మైలు దాటడం. రెండు గొంతులూ జే-జీవే. అధికారి నోట జాతి ప్రస్తావన రాదు. ఆయుధం ఉందా అని అడిగి, అలాంటివాళ్లలో చాలామంది దగ్గర ఉంటుందని మాత్రం కలుపుతాడు. ఏకవచనంలో మొదలైన ప్రశ్న బహువచనంలోకి జారుతుంది. తెలుగులో మర్యాదను సూచించే బహువచనం ఇక్కడ ముద్ర వేసే సాధనమైంది.

ఆ ఒక్క మైలు అతిశయోక్తిలా తోచవచ్చు. కానీ ట్రాఫిక్ ఉల్లంఘన నిజంగా జరిగితే, ఆపిన అధికారి మనసులోని ఉద్దేశంతో నిమిత్తం లేదని అమెరికా సుప్రీంకోర్టు 1996లో రెన్ కేసులో తీర్పు చెప్పింది. న్యాయశాస్త్ర ఆచార్యుడు కేలబ్ మేసన్ 2012లో ఈ చరణాన్ని పంక్తి పంక్తిగా పరిశీలించి, తాళం వేసిన డిక్కీని తెరవడానికి వారంటు తప్పనిసరి అన్న డ్రైవరు వాదన చట్టరీత్యా నిలవదని చూపాడు. పైగా కారులో నిషిద్ధవస్తువు ఉందని జే-జీ తన ‘డీకోడెడ్’ (2010)లో వివరించాడు. నిరపరాధిని నాయకుణ్ని చేసివుంటే పాట తేలికయ్యేది. అపరాధి విషయంలోనూ అనుమానానికి ఆధారం రంగు కారాదన్న వాదానికి ఈ ఎంపిక చోటిచ్చింది.

మమ్మటాదులు కవిప్రౌఢోక్తినీ కవినిబద్ధవక్తృప్రౌఢోక్తినీ వేరుచేశారు. కవి సృష్టించిన వక్త పలికినదాన్ని కవి మాటగా తీసుకోరాదన్న వివేకం ఆ విభజనలో ఉంది. ర్యాప్‌కు మాత్రం ఈ వివేకం సులభంగా దక్కలేదు. క్యారీ ఫ్రైడ్ 1996లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాత జానపదశైలి పాటలోని హింసాత్మక పంక్తులనే ర్యాప్ అని చెప్పినప్పుడు పాఠకులు మరింత ప్రమాదకరంగా భావించారు; కంట్రీ, జానపదం అన్నప్పుడు అంతగా భావించలేదు. మూసదృష్టిని ప్రశ్నించే ప్రక్రియ మీదికే మూసదృష్టి మళ్లింది.

దీని పర్యవసానం విమర్శవ్యాసాలతో ఆగలేదు. నిందితులు రాసుకున్న ర్యాప్ పంక్తులను ప్రాసిక్యూటర్లు నేరసాక్ష్యంగా కోర్టుల ముందు పెడుతూ వచ్చారు. కాలిఫోర్నియా 2022లో చేసిన చట్టం ఇలాంటి సాక్ష్యం జాతివివక్షను రేకెత్తించే అవకాశాన్ని న్యాయమూర్తులు తూచాలంటుంది. ఆ ప్రక్రియ సంప్రదాయాలపై, కళానైపుణ్యాలపై విశ్వసనీయ వాంగ్మూలం ఉంటే పరిగణించాలనీ చెబుతుంది. ఆ మేరకు కవికీ వక్తకూ గల భేదాన్ని వివరించే పని సాక్షి బోనులోకీ చేరింది.