చిగుళ్ళ శుచి – హృదయ రక్షణ

ఉదయమున దంతధావనము ముగిసిన పిమ్మటనే స్నానము, జపము, పూజ. ఈ క్రమము మనకు పెద్దల నుండి వచ్చినది. అయినను దంతముల తెల్లదనముపై చూపు నిలుపుదుమే గాని, వాటిని పట్టి నిలిపెడి చిగుళ్ళను తలచుకొనము. చరకసంహిత సూత్రస్థానము మాత్రము దినమునకు రెండు పర్యాయములు దంతధావనము చేయుమని చెప్పుచు, చిగుళ్ళకు బాధ కలుగకుండ చేయవలెనని ప్రత్యేకముగా హెచ్చరించినది.

దంతముల మొదళ్ళయందు నిత్యము పలుచని పాచి పేరుకొనును. అది సూక్ష్మజీవుల నిలయము. తొలగింపనిచో కొలది దినములలో గట్టిపడి గారగా మారును. అటుపై బ్రష్షునకు లొంగదు. చిగుళ్ళు ఎఱ్ఱబారి ఉబ్బును, తోముకొనునపుడు నెత్తురు కనిపించును. నొప్పి లేదు గనుక పలువురు ఉపేక్షింతురు. చేతిమీది పుండు నుండి ప్రతి ఉదయము నెత్తురు వచ్చుచుండిన ఊరకుందుమా? ఈ దశలో వ్యాధి పూర్తిగా నయమగును. ముదిరినచో దంతమును పట్టియున్న ఎముక కరగును. పోయిన ఎముక దానంతట తిరిగి రాదు. పొగత్రాగు వారికి మరియొక చిక్కు కలదు. పొగ వలన నెత్తురు తక్కువగా కనిపించును గనుక వ్యాధి మరుగుననే పెరుగును.

వాచిన చిగుళ్ళ గుండ సూక్ష్మజీవులు రక్తములో ప్రవేశించును. ఆరోగ్యవంతుని శరీరము వాటిని త్వరలోనే తొలగించును. కాని బాల్యమున కీళ్ళవాత జ్వరము వచ్చి గుండె కవాటములు చెడినవారికి, కృత్రిమ కవాటము అమర్చబడినవారికి అవి ఆ కవాటములనే ఆశ్రయించి ప్రాణాంతకమైన వ్యాధిని కలిగింపవచ్చును. నోటి శుచికిని గుండెకును గల సంబంధములలో నిస్సందేహమైనది ఇదియే.

ఇక గుండెపోటు విషయము. చిగుళ్ళ వ్యాధి గలవారిలో హృద్రోగము హెచ్చుగా కనిపించుట నిజము. ఒకటి రెండవదానికి కారణమని మాత్రము నిరూపణ కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో ప్రకటించినది. పొగాకు, మధుమేహము రెండింటికిని మూలములు. కావున చిగుళ్ళు బాగుగా నున్నవని రక్తపోటు మాత్రలు మానుట తగదు.

కవాట శస్త్రచికిత్స జరిగినవారు పన్ను తీయించుకొనుటకు ముందే ఆ సంగతి దంతవైద్యునికి తెలుపవలెను. అట్టివారికి చికిత్సకు అరగంట నుండి గంట ముందుగా యాంటీబయాటిక్ ఇచ్చుట కలదు. నెత్తురు పలుచబరచు మాత్రలను తమంతట తాము ఆపరాదు. మాత్రల వలన నెత్తురు వచ్చుచున్నదని తోముకొనుటయే మానివేయు వారును కలరు. పాచి పెరిగి నెత్తురు మరింత హెచ్చును.

మెత్తని బ్రష్షుతో, చిగురు పంటిని కలియు చోట ఏటవాలుగా నుంచి, రెండు నిమిషములు మృదువుగా తోమవలెను. ఇటుకపొడి, బొగ్గుపొడి చిగుళ్ళను ఒరయును. వేపపుల్ల వాడువారు కొనను బాగుగా నమిలి కుంచెవలె మెత్తబరచుకొనవలెను. విడువరానిది రాత్రి తోముకొనుట. యాత్రలలో మొదట తప్పునదియు అదియే. బస్సులో ప్రసాదము ఆరగించి అట్లే నిద్రించువారు కనీసము నీటితో పుక్కిలింపవలెను.

కృత్రిమ కవాటము గలవారు యాత్రకు బయలుదేరునపుడు శస్త్రచికిత్స వివరములను, వాడుచున్న మందుల చీటిని వెంట నుంచుకొనవలెను. జ్వరము కొన్ని దినములు విడువకున్నచో దుకాణమున యాంటీబయాటిక్ కొని వేసికొనక వైద్యుని చూడవలెను. రక్తపరీక్షకు ముందే ఆ మందు పడినచో కవాటమును పట్టిన సూక్ష్మజీవి పరీక్షలో దొరకకపోవచ్చును.