స్వదేశము చేరని చిత్రకారుడు

పరాయి సైన్యము దండెత్తి వస్తే శత్రువెవరో తెలుస్తుంది. అంతర్యుద్ధములో శత్రువు పక్క వీధిలోనే ఉంటాడు. ఒక్కొక్కసారి ఒకే ఇంటిలో ఉంటాడు. 1936 జూలైలో స్పెయిన్ దేశమునకు అట్టి గతి పట్టింది. ప్రజలు ఎన్నుకొన్న ప్రభుత్వముపై సైన్యాధికారులు కొందరు తిరుగుబాటు చేశారు. జనరల్ ఫ్రాంకో వారికి నాయకుడయ్యాడు. జర్మనీ నుండి హిట్లరు, ఇటలీ నుండి ముస్సోలినీ అతనికి విమానములను, సైనికులను పంపారు.

ఆ దేశపు ఉత్తర భాగమున, బాస్క్ ప్రాంతములో గెర్నికా అనే చిన్న పట్టణమున్నది. మన పల్లెలకు వారపు సంత ఎలాగో, గెర్నికాకు సోమవారము అలాగే. 1937 ఏప్రిల్ 26 సోమవారము. సాయంకాలము నాలుగున్నర ప్రాంతములో జర్మన్, ఇటాలియన్ విమానములు వచ్చి, ఇంచుమించు మూడు గంటలసేపు ఆ పట్టణముపై బాంబులు కురిపించాయి. పట్టణములో అధికభాగము కాలిపోయింది. మరణించినవారు 1,654 మంది అని బాస్క్ ప్రభుత్వము ప్రకటించింది. తరువాత పరిశోధించినవారిలో అనేకులు కొన్ని వందలని అంటారు.

ఇంతటి ఘోరము జరిగిన పిమ్మట ఫ్రాంకో పక్షము ఏమి చెప్పిందో వినండి. తాము బాంబులు వేయలేదట! వెనుదిరిగి పోతున్నవారే తమ పట్టణమును తామే తగులబెట్టుకొన్నారట! ఇల్లు కాలినవారి మీదనే నేరము మోపుట మన ప్రాంతములకు కూడ కొత్త కాదు.

ఆ దినములలో పాబ్లో పికాసో అనే స్పెయిన్ చిత్రకారుడు పారిస్ నగరములో ఉన్నాడు. 1881లో మాలగా పట్టణములో పుట్టి, 1904 నుండి ఫ్రాన్సులో స్థిరపడినవాడు. పారిస్‌లో జరుగనున్న ప్రపంచ ప్రదర్శనకు ఒక పెద్ద చిత్రము వేయుమని స్పెయిన్ ప్రభుత్వము ఆయనను కోరింది. నెలలు గడిచినా ఏమి వేయాలో ఆయనకు తోచలేదు. గెర్నికా వార్త పత్రికలలో వచ్చింది. మే 1న గీయుట ప్రారంభించి, జూన్ మొదటి దినములకు ముగించాడు. ఎత్తు పదకొండు అడుగుల పైన, వెడల్పు ఇరువదియైదు అడుగుల పైన గల చిత్రమది.

అందులో రంగులు లేవు. నలుపు, తెలుపు, బూడిద వన్నె మాత్రమే. విమానము లేదు, బాంబు లేదు. చచ్చిన బిడ్డను ఒడిలో పెట్టుకొని ఆకాశము వైపు నోరు తెరచి ఏడ్చే తల్లి ఉన్నది. మంటలలో చేతులెత్తిన స్త్రీ, గాయపడి అరిచే గుర్రము, విరిగిన కత్తితో పడియున్న మనిషి ఉన్నారు. కన్నులు రెండూ ఒకే పక్కన ఉండుట చూచి, ఇదేమి బొమ్మ అని మొదట మనకు తోచవచ్చు. కాని ఆ తల్లి ముఖమును కాసేపు చూస్తే, దుఃఖములో మనిషి ముఖము సరిగా ఉండదని గ్రహిస్తాము.

1939లో ఫ్రాంకో గెలిచాడు. ఇంచుమించు అయిదు లక్షలమంది సరిహద్దు దాటి ఫ్రాన్సుకు పారిపోయారు. అనేకులు ముళ్ళకంచెల శిబిరములలో చలికి, ఆకలికి అల్లాడారు. పికాసోకు అట్టి కష్టము రాలేదు. ఆయన కీర్తి, ధనము గలవాడు. ఆయన జీవితమంతటిని మేము ఆదర్శముగా చూపుట లేదు. అయితే ఆయన శరణార్థులకు సహాయము చేశాడు. ఈ చిత్రమును కూడ ఇంగ్లండు, అమెరికా దేశములలో చూపించి వారికొరకు చందాలు పోగుచేశారు. లండనులో చూడవచ్చినవారు స్పెయిన్‌కు పంపుటకు బూట్లు తెచ్చి ఇచ్చారు.

తరువాత చిత్రము న్యూయార్కులోని మ్యూజియములో ఉండిపోయింది. స్పెయిన్ ప్రజలకు స్వేచ్ఛ తిరిగి వచ్చేవరకు దానిని అక్కడికి పంపరాదని పికాసో షరతు పెట్టాడు. తాను కూడ ఫ్రాంకో పాలనలోని స్వదేశములో అడుగుపెట్టలేదు. 1973 ఏప్రిల్ 8న, 91 ఏండ్ల వయస్సులో, ఫ్రాన్సులోనే కన్నుమూశాడు. ఫ్రాంకో 1975లో మరణించాడు. 1978లో స్పెయిన్‌కు క్రొత్త రాజ్యాంగము వచ్చింది. 1981 సెప్టెంబరు 10న ఆ చిత్రము మాడ్రిడ్ చేరింది. చిత్రకారుడు చేరలేని ఇంటికి ఆయన సాక్ష్యము చేరింది.

బాధపడినవారినే దోషులుగా చూపే మాట మన ఊరిలో వినబడినప్పుడు, మనము చిత్రములు వేయనక్కరలేదు. చూచినది చూచినట్లు చెప్పి, ఆ మాట మీద నిలబడితే చాలును. దానికి వెల ఉంటుంది. అది పిల్లలకు కూడ చెప్పవలసిన సంగతే.