పాత టైరుకు కొత్త పైపొర: ఎందుకు? ఎలా?

లారీ టైరులో ముందుగా అరిగేది రోడ్డును తాకే పైపొర. ఉక్కు తీగలతో గానీ నైలాన్ దారాలతో గానీ కట్టిన లోపలి భాగం గట్టిగానే ఉంటుంది. ఖరీదులో ఎక్కువ వాటా దానిదే. అందుకే దాన్ని ఉంచి, పైపొర మాత్రం కొత్తది వేస్తారు. దీన్నే రీట్రెడింగ్ అంటారు.

ముందు పగుళ్లు, మేకు దెబ్బలు వెతుకుతారు. లోపలి భాగం పాడైతే ఆ టైరు పనికిరాదు. బాగుంటే పాత రబ్బరు గీకేసి, జిగురు రబ్బరు పొర వేసి, గాడులున్న కొత్త పట్టీ చుడతారు. సుమారు 100 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో కొన్ని గంటలు ఉంచితే అతుక్కుపోతుంది.

లారీ వెనక టైర్లు జంటగా ఉంటాయి, ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. అక్కడ రీట్రెడ్ చేసిన టైరు వేస్తే లాభమే. ముందు టైరు పేలితే స్టీరింగ్ అదుపు తప్పుతుంది, అక్కడ కొత్తదే మేలు. ఎస్‌యూవీకైతే నేను వద్దంటాను: జంట టైర్లుండవు, వేగం ఎక్కువ, మిగిలే డబ్బు తక్కువ.